వంటగదికి ఒక గీత తక్కువ

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో కొన్ని ఫోన్లు ఇల్లరికపుటల్లుళ్ళలా ఉండేవి. ఏ కంపెనీ తెచ్చి మార్కెట్లో పెట్టిందో ఆ కంపెనీ సిమ్‌తోనే వాటి కాపురం. ఇంకొకరి సిమ్ వేస్తే తెర మీద తాళం బొమ్మ చూపించి మూతి ముడుచుకునేవి. 'మా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు' అని ఫ్లైఓవర్ల పక్కన నిలువెత్తు బోర్డులు పెట్టేవారు. జనం అదేదో గొప్ప అనుకుని వరసలో నిలబడేవారు. దొరకడం సంగతి సరే, ఇంకెవరి సిమ్‌తోనూ పనిచెయ్యదని కూడా ఆ బోర్డు మీద రాసి ఉండాల్సింది. రాయలేదని నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ బోర్డు కింద నిలబడి ఆ ఫోను అమ్మినవాణ్ణి నేనే.

మొన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో, మా టీంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి అలాంటి ఫోను గురించే అడిగింది. ఒక కంపెనీ వాళ్ళు ఒక్కరే తెస్తున్నారట, కొనమంటారా వద్దంటారా, లాభనష్టాలు చెప్పండన్నా అంది. లాభాలు నా నోట్లోంచి వద్దన్నా ఊడిపడ్డాయి. అందరికంటే ముందు మీ చేతికొస్తుంది, నెలవారీ ప్లానుతో కలిపి తీసుకుంటే ధర తగ్గుతుంది, ఆ నెట్‌వర్క్‌కి తగ్గట్టే తయారుచేశారు కాబట్టి ఇంటర్నెట్ సాఫీగా నడుస్తుంది, ఏదైనా పాడైతే తిరగాల్సింది ఒక్క షాపు చుట్టే. ఏళ్ళ కిందట బట్టీ పట్టింది ఎక్కాల్లా అప్పజెప్పేశాను. నష్టాల దగ్గరికొచ్చేసరికి నీళ్ళ గ్లాసు అందుకున్నాను. నీళ్ళు తాగి తల పైకెత్తేసరికి ఆ అమ్మాయి మీటింగ్ ఉందని లేచి వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు, చూద్దాం.

డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోర్సులో చేరి సగంలో మానేశాను (నేను మానలేదు, మేము ఫీజు కట్టిన మరుసటి నెలలో వాళ్ళే బోర్డు పీక్కుని వెళ్ళిపోయారు). వికారాబాద్ దగ్గర మా ఊరికి తిరిగి వెళ్ళే మొహం లేక, మాదాపూర్‌లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ షోరూంలో అమ్మకాల కొలువుకి చేరాను. అద్దాల తలుపు, లోపల ఏసీ చలి, మెడలో పట్టీకి వేలాడే గుర్తింపు కార్డు. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలే కాబట్టి, ఆ కార్డు చొక్కా జేబులోకి దోపుకుని నడిస్తే నేనూ వాళ్ళలో ఒకణ్ణే అనుకుంటారని ఒక వెర్రి ఆశ. మధ్యాహ్నం బయటి బండి దగ్గర మిర్చీబజ్జీ తింటున్నప్పుడు కూడా ఆ కార్డు తీసేవాణ్ణి కాదు. ఆరునెలలు చూసి, పనికొస్తే పర్మనెంట్ చేస్తామన్నారు.

ఉండడం మాత్రం హఫీజ్‌పేట్‌లో, మా మేనమామ ఇంట్లో. స్టేషన్‌కి కాస్త దూరంలో, మూడంతస్తుల ఇంటి కింది భాగంలో రెండు గదులు, ఒక వంటగది. కూతురికి పెళ్ళి చేసి పంపేశారు కాబట్టి ఆ రెండు గదుల్లో ఒకటి నాకిచ్చేశారు మామా అత్తా. కిరాయి అడగలేదు సరికదా, 'బువ్వ తిన్నవా' అని అడగని రోజు లేదు. మా అమ్మకి తమ్ముడైన ఈ మామకి సొంత కారు ఒకటుండేది. దాన్ని హైటెక్ సిటీలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి తిప్పేవాడు, ఉద్యోగుల్ని ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి చేరవెయ్యడం. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీ ఉందంటే కంపెనీ వాళ్ళు డ్రైవర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తారు. మూడుసార్లూ అందకపోతే ఆ డ్యూటీ ఇంకొకడికి పోతుంది. అలా నెలలో రెండుసార్లు జరిగిందంటే జాబితాలోంచి బండి పేరే కొట్టేస్తారు. మా మామకి అన్నం పెట్టేది ఆ జాబితా. అందుకే ఆయన ఫోను రెండో రింగు మోగగా నేనెప్పుడూ వినలేదు. స్నానానికి వెళ్ళినా పాల ప్యాకెట్ కవరులో ఫోను చుట్టి బాత్‌రూం మేకుకి తగిలించుకునేవాడు. ఒకసారి తల మీద సబ్బు నురగతో బయటికొచ్చి కారు తాళాలు వెతుక్కుంటుంటే అత్త 'గట్లనే పోతవా ఏంది' అని తువ్వాలు విసిరింది.

మామ సిమ్ వేరే కంపెనీది, ఇంట్లో మూలమూలకీ సిగ్నల్ వచ్చేది. నాకు మా షోరూం వాళ్ళిచ్చిన సిమ్. అది ఆ ఇంట్లో చచ్చినా పలికేది కాదు. ప్రతి ఉదయం ఎనిమిదింటికి మా మేనేజరు అందరికీ ఫోన్ చేసి ఆ రోజు లక్ష్యం చెబుతాడు, దాని కోసం నేను మూడంతస్తులూ ఎక్కి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడేవాణ్ణి. ట్యాంకుకి కుడివైపు నిలబడితే రెండు గీతలు వచ్చేవి, ఎడమవైపు ఒకటీ రాదు. కింద మామ కారు తుడుచుకుంటూ తల పైకెత్తి 'దొరికిందా రా' అని అడిగేవాడు. దొరికింది మామా అనేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో వచ్చి పడింది ఆ కొత్త ఫోను. వేలితో తాకితే చాలు, దారి మొత్తం మ్యాపులో చూపిస్తుంది. మా మేనేజరుకి మేము పెట్టుకున్న పేరు చిరునవ్వు సార్. భీమవరం వైపు మనిషి, 'నవ్వండి బాబూ, నవ్వితే సగం అమ్మకం అయిపోయినట్టేనండి' అని ప్రతి గంటకోసారి అనేవాడు. ఫోను రావడానికి ముందు రోజు అందర్నీ కూర్చోబెట్టి లాభాలు బట్టీ పట్టించాడు. ఒకడు లేచి, నష్టాల గురించి అడిగితే ఏం చెప్పాలి సార్ అన్నాడు. చిరునవ్వు సార్ చిరునవ్వు చెదరకుండా, 'మంచి ప్రశ్న అడిగారండి అని, మూడో లాభం మళ్ళీ చెప్పండి' అన్నాడు. మేమంతా పుస్తకాల్లో అది కూడా రాసుకున్నాం. ఒక్కొక్కరం పది ఫోన్లు అమ్మాలి, నెలాఖరులోగా పది అమ్మినవాడికి పై నెలలో పర్మనెంట్ ఉత్తర్వు. పోటీగా ఇంకెవరి దగ్గరా ఆ ఫోను లేదు కాబట్టి అమ్మకపోతే తప్పు మాదేనట.

ఇక్కడ ఒక ఫారం గురించి చెప్పాలి. అంతకుముందు మేము అమ్మిన ఫోన్లు ఇంట్లో సిగ్నల్ రావట్లేదని జనం తిరిగి తెచ్చి కౌంటర్ మీద పడేసేవారట. దాంతో పైవాళ్ళు ఒక నియమం పెట్టారు. అమ్మేవాడు కొనేవాళ్ళ ఇంటికి వెళ్ళి, హాల్లో, పడకగదిలో, వంటగదిలో నిలబడి, ఎన్ని గీతల సిగ్నల్ వస్తుందో ఫారంలో రాసి సంతకం పెట్టాలి. కొనేవాళ్ళు కింద సంతకం పెట్టాలి. అక్కడితో ఫోను వెనక్కి తీసుకునే మాట లేదు. నియమం మంచిదే. కానీ మాదాపూర్‌లో అమ్మకాలు వదిలేసి నిజాంపేటకొకరం, చందానగర్‌కొకరం తిరిగి వంటిళ్ళలో ఎవరు నిలబడతారు? అందుకని మా షోరూంలో ఒక ఆనవాయితీ ఉండేది, నాకు మా సీనియర్ అన్న నేర్పాడు. షోరూంలోనే కూర్చుని రాసెయ్యాలి. షోరూం పైకప్పులో సిగ్నల్ పెంచే తెల్ల డబ్బా ఒకటి బిగించి ఉండేది, కాబట్టి అక్కడ ఏ ఫోను చూసినా నిండుగా అయిదు గీతలే. హాలు అయిదు, పడకగది అయిదు, వంటగదికి మాత్రం నాలుగు. 'వంటింట్ల ఒక గీత తక్కువ రాయాలె తమ్మీ. అంతా ఫుల్ రాస్తే ఎవడు నమ్మడు' అన్నాడు అన్న. ఆహా, ఎంత తెలివి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క గీత తగ్గించి రాస్తున్నప్పుడు నాకు నేను నిజాయితీపరుడిలా కూడా అనిపించేవాణ్ణి.

నెలాఖరుకి రెండురోజులుందనగా నా లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది. అన్నం తింటూ ఆ మాట అత్తతో అన్నాను. మామ వింటున్నాడని తెలిసే అన్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం. ఆ వారమే మామ కంపెనీలో సూపర్‌వైజరు ఒక మాట చెప్పి ఉన్నాడు. విదేశాల నుంచి వచ్చే అతిథుల్ని తిప్పే డ్యూటీలు కొన్ని బండ్లకి ఇస్తారట, మ్యాపు చూపించే ఫోను ఉన్న డ్రైవర్లకే ఆ అవకాశమట. పగటిపూట పని, మర్యాదైన మనుషులు, విమానాశ్రయం దాకా మంచి రోడ్డు. మామ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, 'గా తొవ్వ చూపిచ్చే ఫోన్ మీ తాన్నే ఉన్నదంట గదా రా' అన్నాడు. నేను చటుక్కున 'మా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు మామా' అన్నాను. బోర్డు మీద మాట అది, నా నోట్లో అంత సులువుగా ఉంది.

మర్నాడు మామ షోరూంకి వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు, పెళ్ళికొచ్చినట్టు. అద్దాల తలుపు దగ్గర చెప్పులు విప్పబోతే నేను పరిగెత్తుకెళ్ళి వద్దన్నాను. చిరునవ్వు సార్ స్వయంగా వచ్చి 'రండి బాబాయి గారూ, కూర్చోండి' అని కుర్చీ వేశాడు. ఆయన మామని బాబాయి గారూ అన్నందుకే మామ సగం కరిగిపోయాడు. నేను లాభాలన్నీ వరసగా చెప్పాను. మామ బడిపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అంతా విని, 'మరి ఇంట్ల సిగ్నల్ వస్తదా' అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

నేను ఆయన మొహం చూడలేదు. చిరునవ్వు సార్ నా మొహం చూస్తున్నాడు. 'మంచి ప్రశ్న మామా' అన్నాను. అని, ఆ నెట్‌వర్క్‌కి తగ్గట్టే తయారైన ఫోను కాబట్టి ఇంటర్నెట్ సాఫీగా నడుస్తుందని మూడో లాభం మళ్ళీ చెప్పాను. చెప్పి ఊరుకున్నా బాగుండేది. ఫారం తీసి, చిరునామా గడిలో నేను ప్రతిరోజూ పడుకుని లేచే ఇంటి చిరునామా రాసి, హాలు అయిదు, పడకగది అయిదు, వంటగది నాలుగు అని నింపి, సంతకం పెట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను తిన్నింటి సిగ్నల్ గీతలు లెక్కపెట్టాను, అదీ దొంగలెక్క. మామ ఆ కాగితం చదవకుండా నా సంతకం వైపు కాసేపు చూసి, 'దస్తఖత్ మంచిగ చేస్తున్నవ్ రా' అని మెచ్చుకుని, కింద తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాడు. పాత ఫోను ఇస్తే కొంత తగ్గింపు ఉందంటే అదీ ఇచ్చేశాడు. అందులోంచి తీసిన పాత సిమ్‌ని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. దారిలోనే కంపెనీకి వెళ్ళి కొత్త నంబరు రాయించి మరీ ఇంటికెళ్ళాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి మామ హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఫారం నకలు. ఫోనులో ఒక్క గీత లేదు. కోపం లేదు ఆయన మొహంలో, ఏదో పరీక్షలో తను తప్పినట్టు చూస్తున్నాడు. 'హాల్ల అయిదు రాసినవ్ గదరా, ఏడ నిలవడాలె' అని అడిగాడు. 'కొత్తది గదా మామా, ఒకటిరెండు రోజులు పడుతుంది' అన్నాను. 'గంతేనా, నేను పరేషాన్ అయిన' అని ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. కొత్త కోడలు ఇంట్లో అలవాటు పడాలని చెప్పినంత మామూలుగా అత్తకి కూడా అదే చెప్పాడు. మధ్యలో తన పాత సిమ్ వేసి చూశాడట, తాళం బొమ్మ వచ్చిందట. 'తాళమెందుకు ఏసిండ్రు రా, నేనేమన్న ఎత్కపోతనా' అన్నాడు. నవ్వాను. ఆ నవ్వు కూడా షోరూంలో నేర్చుకున్నదే.

ఒకటిరెండు రోజులు మూడు నాలుగయ్యాయి. నాలుగో రోజు సాయంత్రం షోరూం నుంచి వస్తూ హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలు దిగాను. స్టేషన్‌లో పట్టాల మీదుగా అటూ ఇటూ దాటే మెట్లవంతెన ఉంటుంది కదా, దాని నడిమధ్య మామ కూర్చుని ఉన్నాడు. కింద తువ్వాలు పరుచుకున్నాడు, పక్కన నీళ్ళ సీసా, ముందు ఫోను. చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి ఆ ఫోనుకి నిండా సిగ్నల్ దొరికే చోటు ఆయనే కనిపెట్టాడు. మా డాబా మీద వచ్చే రెండు గీతలు మాటలకైతే సరిపోతాయి గానీ మ్యాపు తెరుచుకోవట. పైగా పైఅంతస్తు ఇంటావిడకి డాబా మీద మగవాళ్ళు కూర్చుంటే నచ్చదు (నన్ను చూసే అయిదు నిమిషాలకోసారి గొణిగేది). అందుకని డ్యూటీకి డ్యూటీకి మధ్య ఆయన వంతెన మీదికి వచ్చి కూర్చుంటున్నాడు, కారు కింద రోడ్డు పక్కన.

ఆ వంతెన మీద మా మామ వైభవం చెప్పాలంటే చాలా ఉంది. వారం తిరిగేసరికి ఏ రైలు ఏ పూట ఎంత ఆలస్యంగా వస్తుందో ఆయనకి కంఠస్థమైంది. జనం కౌంటర్ దగ్గరికి వెళ్ళడం మానేసి ఆయన్నే అడిగేవారు. 'లింగంపల్లి దిక్కుది పోయిందా పెద్దాయనా' అంటే 'ఇప్పుడే పోయింది, ఇంకోటి వస్తది, జర నిమ్మళంగ కూసో' అనేవాడు. ఎవరో గొడుగు మరిచిపోతే దాచిపెట్టి ఇచ్చాడు. ఒకావిడ తన పిల్లని కాసేపు చూడమని అప్పగించి టికెట్ తెచ్చుకుంది. చాయ్ అమ్మేవాడు ఆయనకి కప్పు నిండా పోసేవాడు, రైల్వే మనిషేమో, ఎప్పుడైనా పనికొస్తాడని. ఇవన్నీ అన్నం తినేటప్పుడు మామ చెబుతుంటే అత్త పడీ పడీ నవ్వేది. 'గా బ్రిడ్జి మీద ఏమున్నదని కూసుంటవ్ రోజు' అని అడిగేది. 'మంచి గాలి వస్తది' అనేవాడు మామ, నా వైపు చూడకుండా.

నేనూ మరీ రాయిని కాను. ఒకరోజు వంతెన మీదికి వెళ్ళి పక్కన కూర్చుని, 'మామా, ఒక చిన్న ఫోను కొనిస్తా, నీ పాత సిమ్ వేసుకో, పాత నంబరే మళ్ళీ రాయించు' అన్నాను. మామ తువ్వాలు కొంచెం నా వైపు జరిపాడు. 'కొత్త ఫోన్ కొని పదిరోజులు గాలే. ఇంకోటి ఎందుకని మీ అత్త అడుగుతది. ఏమని చెప్పాలె? మీ అమ్మకు ఫోన్ చేసి చెప్తది ఇగ. మన ఇంట్ల నువ్వు తలకాయ దించుకోని తినుడు నాకు మంచిగుండదు. నువ్వేం ఫికర్ చేయకు, ఈడ మంచిగనే ఉన్నది' అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకి నా దొంగలెక్క తెలిసిపోయిందని. తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒకరోజు పెద్దవాన పడి వంతెన మీద కూర్చోలేక కిందికి దిగిన అరగంటలో ఒక డ్యూటీ పోయింది. నెలలో ఇక ఒక్కటే మిగిలిందని మామ వేలు చూపించి చెప్పాడు. అప్పటికి మాత్రం నేను మనసులో గట్టిగా అనుకున్నాను, పర్మనెంట్ ఉత్తర్వు రాగానే మొదటి పని, అత్తకి నిజం చెప్పేసి మామకి ఫోను కొనివ్వడం. మంచిపనులన్నిటికీ నేను ముహూర్తం పెట్టుకునేవాణ్ణి.

ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నమే ఇంటికి పంపించేశారు, చిరునవ్వు సార్ మిఠాయి డబ్బా ఇచ్చి 'పైకొస్తారండి మీరు' అని దీవించాడు. అత్త కోడికూర వండింది. మామ లేకుండా మొదలుపెట్టడం బాగుండదని నేను స్టేషన్‌కి పరిగెత్తాను. మామ ఉత్తర్వు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, వంతెన మీద చాయ్ అతన్ని పిలిచి 'మా అల్లుడు పర్మనెంట్ అయిండు' అని చెప్పి, నాకో కప్పు ఇప్పించాడు. అన్నానికి రమ్మంటే మాత్రం కదల్లేదు. ఈ పూట విమానాశ్రయం డ్యూటీ ఒకటి రావచ్చన్నారట, మ్యాపు ఫోనున్న వాళ్ళకి మొదటిది. 'నువ్వు తిను, నేను పొద్దుమూకినాక తింట' అన్నాడు. నేను వినలేదు. పది నిమిషాలు మామా, పది నిమిషాల్లో ఏం మునిగిపోతుంది, అత్త నీ కోసం కూర్చుంది, నా మీద ఒట్టు అన్నాను. ఒట్టు అనేసరికి ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

పది నిమిషాలు కాదు, నలభై నిమిషాలు తిన్నాం. అత్త ముక్కలన్నీ ఏరి మామకీ నాకూ వడ్డించింది. నేను చిరునవ్వు సార్ నడకా మాటా చేసి చూపించాను, మామ నవ్వి నవ్వి దగ్గాడు. ఆయన అంతగా నవ్వడం ఆ నెలలో అదే మొదలు. ఫోను కిటికీ గట్టు మీద ఉంది, ఒక్క గీత లేకుండా, మౌనంగా. చెయ్యి కడుక్కుని ఆయన వంతెన మెట్లెక్కాడో లేదో, వరసగా మూడు సందేశాలు వచ్చి పడ్డాయి. మీ కోసం ప్రయత్నించారు, అందుబాటులో లేరు. మీ కోసం ప్రయత్నించారు, అందుబాటులో లేరు. మూడోది చదవక్కర్లేదు.

జాబితాలోంచి పేరు ఆ సాయంత్రమే కొట్టేశారు. మామ కంపెనీ గేటు దాకా వెళ్ళి సూపర్‌వైజరుతో మాట్లాడి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు, కారు అక్కడే మరిచిపోయి. ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఇక్కడ సిగ్నల్ రాదని నాకు ముందే తెలుసునన్నాను, షోరూంలో కూర్చునే గీతలు రాశానన్నాను, వంటగదికి ఒకటి ఎందుకు తగ్గిస్తామో కూడా చెప్పాను. ఆ ఒక్క ముచ్చటకి మామ కొంచెం నవ్వాడు.

'నాకు తెల్వదా రా. రోజు నిన్ను ట్యాంక్ కాడ జూస్త లేనా, దొరికిందా అని నేనే అడుగుతుంటి గదా' అన్నాడు.

'తెలిస్తే మరి ఎందుకు కొన్నవ్ మామా?'

'నువ్వు రాసిచ్చినవ్ గదరా. మా ఖాన్‌దాన్‌ల సదువుకున్నోడివి నువ్వొక్కనివే. దస్తఖత్ పెట్టి రాసిచ్చినంక, నా కండ్లతోని చూసిందే తప్పేమో అనుకున్న.'

నమ్మి చెడినవాడు లేడని ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, ఆయన హఫీజ్‌పేట్ రాలేదు.

కథల్లో అయితే మర్నాడే నేను ఉద్యోగం వదిలేసి ఉత్తర్వు చించి చిరునవ్వు సార్ మొహాన కొట్టాలి. నేను అలా చెయ్యలేదు. ఆ మెడపట్టీ వేసుకుని ఇంకో రెండేళ్ళు అక్కడే చేశాను. మహా అయితే ఫారాలు పట్టుకుని నిజంగా ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాను, వంటిళ్ళలో నిలబడ్డాను, సున్నా వస్తే సున్నా రాశాను. నా అమ్మకాలు పడిపోయాయి, చిరునవ్వు సార్ నన్ను చూసినప్పుడు మాత్రం నవ్వడం మానేశాడు. దానివల్ల మా మామకి ఒరిగిందేమీ లేదు. ఆయన కారు అమ్మేసి ఒక బడి వ్యాను తోలాడు చాలా ఏళ్ళు. కంపెనీ వాళ్ళు బండ్లు తగ్గించుకున్నారని అత్తకి చెప్పాడు. అత్త ఆ కంపెనీని ఏళ్ళ తరబడి తిట్టింది, నేను పక్కనే కూర్చుని అన్నం తింటూ విన్నాను.

మొన్న ఆదివారం నల్లగండ్ల వెళ్ళాను. మామా అత్తా ఇప్పుడు అక్కడ కూతురి అపార్ట్‌మెంట్లో ఉంటున్నారు. మామ ఫోను పాతబడిందంటే కొత్తది నేనే కొన్నాను, ఏ సిమ్ అయినా తీసుకునేది, ఏ తాళాలూ లేనిది. ఇచ్చి ఊరుకోలేదు. నాలుగు కంపెనీల సిమ్‌లు పట్టుకెళ్ళి ఒక్కొక్కటే వేసి ఇల్లంతా తిరిగాను. మామ సోఫాలో కూర్చుని, మోకాలు నొక్కుకుంటూ, 'హాల్ల ఎన్నిరా' అని అడిగాడు. ఫుల్ మామా అన్నాను. 'బెడ్‌రూంల?' అదీ ఫుల్లే. వంటగదిలోకి వెళితే అత్త గరిటె పట్టుకుని పక్కకి జరిగి, నాకేదో పిచ్చి పట్టినట్టు చూసింది. హాల్లోంచి మామ గొంతు వినబడింది, 'వంటింట్ల?'

'ఇక్కడ కూడా ఫుల్లే మామా.'

'ఒకటి తక్కువ రాయి రా. లేకుంటే ఎవడు నమ్ముతడు.'

నేను జవాబు చెప్పేలోపల ఆ కొత్త ఫోనే మోగింది. మామ తెర చూసుకుని, లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తలుపు తీసుకుని లిఫ్ట్ వైపు నడిచాడు. 'లోపలే మంచిగ వస్తుంది మామా' అని వెనక నుంచి అరిచాను. ఆయన వెనక్కి చూడకుండా చెయ్యి ఊపాడు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి, పైకి పోయింది.

అత్త గరిటెతో కూర కలుపుతూ, 'గదేం అలవాటో ఏమో. ఏ ఇంట్ల ఉన్నా గంతే, ఫోన్ వచ్చిందంటె మీదికి పోతడు. మీద మంచి గాలి వస్తదంట' అంది. ఇన్నేళ్ళు గడిచినా ఆమెకి ఆయన చెప్పలేదు. మెడలో పట్టీ వేసుకుని, అద్దం ముందు నవ్వడం సాధన చేస్తున్న ఆ ఇరవై రెండేళ్ళ వెధవ నాకు గుర్తొచ్చాడు. వాడు కనబడితే రెండు పీకాలని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ, ఆ పూట ఎందుకో వాడి మీద జాలేసింది. ఎలాంటి ఇంట్లో అన్నం తింటున్నాడో పాపం వాడికి తెలియదు. నాలో నేనే నవ్వుకున్నాను.

'ఎందుకు నవ్వుతున్నవ్ రా' అంది అత్త.

'ఏం లేదత్తా. సిగ్నల్ మంచిగుంది' అన్నాను.